ఎనిమిది పాస్‌లు, ఒక పాస్

మట్టికి కూడా పరీక్షలుంటాయనీ, అది తప్పితే శిక్ష దాన్ని తొక్కినవాడికి పడుతుందనీ నాకు రోలర్ ఎక్కాకే తెలిసింది.

అంతకుముందు నేనెరిగినవి బడి పరీక్షలు. వాటిలో ఎన్నిసార్లు తప్పానో చెప్పడానికి నాకొచ్చిన అంకెలు చాలవు. ఒకటో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు పైకి పైకి వెళ్లి, పంతులై, తిరిగి అదే గదికి వచ్చి హాజరు పిలిచాడు. "ఉన్నాను సార్" అన్నాను. "ఇంకా ఉన్నావా!" అన్నాడు. ఆ రోజే పలక కింద పెట్టి బయటికొచ్చేశాను. ఇవన్నీ కోతలని మా ఆవిడ అంటుంది. ఆ రోజు ఆ గదిలో ఆవిడ లేదు, నేనున్నాను. ఎవరి మాట నమ్ముతారో మీ ఇష్టం.

రోలర్ మాత్రం నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పది టన్నుల ఇనుము. దాని నడక చూస్తే తాబేళ్లకు ధైర్యం వచ్చేది. ఒకసారి దారికి అడ్డంగా ఒక నత్త వస్తే గాభరాపడి హారన్ కొట్టాను. అది దాటి, అవతల సంసారం పెట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని వెనక్కి దాటేదాకా నేనింకా అక్కడికి చేరనేలేదు. కానీ నా రోలర్ తొక్కిందంటే తొక్కిందే. ఆ నేలలో పుట్ట పెట్టాలనుకున్న చీమలు గునపాలు తెచ్చుకోవాల్సిందే.

రోలర్ మట్టి మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి వెళ్తే మా పనిలో దాన్ని 'పాస్' అంటారు. ఎనిమిదిసార్లు తొక్కితే ఎనిమిది పాస్‌లు. ఆ మాట విన్న మొదటి రోజు సాయంత్రం ఇంటికెళ్లి, "అమ్మా, ఈ ఒక్క రోజులో ఎనిమిది పాస్‌లు!" అన్నాను. మా అమ్మ కళ్లు తుడుచుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పొచ్చింది. ఆవిడకి అసలు సంగతి ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి.

ఇక కథలోకి వస్తాను. పల్లపు నేల మీదుగా కొత్త రోడ్డు వేస్తున్నారు. పల్లం కాబట్టి మట్టి పోసి ఎత్తు చెయ్యాలి. అంతా ఒకేసారి పోసి తొక్కితే పైన గట్టిగా కనబడుతుంది, లోపల గుల్లగా ఉండిపోతుంది. అందుకని జానెడు మందాన ఏడు పొరలు. లారీలు మట్టి పోస్తాయి, బ్లేడు బండి దాన్ని పరుస్తుంది, ట్యాంకర్ నీళ్లు చల్లుతుంది, నేను తొక్కుతాను. ఒక పొర పాసైతేనే దాని మీద ఇంకో పొర.

ఆ పాస్ ఇచ్చేది గుంటల సారు. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. నేను రోజంతా తొక్కి, అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చన్నంత నున్నగా చేసి దిగుతానా, నాలుగు గంటలకి ఈయనొచ్చి నడిమధ్యన గుంట తవ్వుతాడు! నడుమ చిల్లున్న పళ్లెం ఒకటి నేల మీద పెట్టి, ఆ చిల్లులోంచి ఉలితో తవ్వి, వచ్చిన మట్టిని రవ్వ పోకుండా తూస్తాడు. తర్వాత ఆ గుంట నిండా పొడి ఇసుక పోసి, ఎంత పట్టిందో చూస్తాడు. ఇంకాస్త మట్టిని చిన్న పొయ్యి మీద వేయించి, అందులో తడి ఎంతో లెక్క కడతాడు. అన్నీ అయ్యాక, మట్టి ఎంత గట్టిపడిందో నూటికి ఇంత అని ఒక అంకె చెబుతాడు. తొంభై ఐదు రావాలి. అర తక్కువైనా తప్పినట్టే.

"సారూ, బడిలో ముప్పై ఐదు వస్తే పాసే కదా, ఇక్కడేంటండీ ఇంత అన్యాయం?" అని అడిగాను.

"ముప్పై ఐదు వచ్చిన పిల్లాడి మీద నుంచి లారీలు వెళ్లవు నాయనా" అన్నాడు.

ఇంతకీ మట్టి గట్టిపడాలంటే నా బరువొక్కటే చాలదు. తడి కూడా సరిగ్గా కుదరాలి. తక్కువైతే రవ్వకి రవ్వ అంటదు, ఎక్కువైతే జారిపోతుంది. ఆ తడి పెట్టేవాడు మా మామ. మా ఆవిడకి నాన్న, నీళ్ల ట్యాంకర్‌కి డ్రైవరు, నాతో మాటల్లేని మనిషి.

మాటలు ఎందుకు పోయాయంటే, తప్పు నాదే. మూడు నెలల కింద వాళ్లింట్లో భోజనాల దగ్గర నలుగురూ ఉండగా, "మా మామది కూడా ఒక పనా! నేను చెయ్యి కడుక్కుంటే అంతకన్నా ఎక్కువ నీళ్లు పడతాయి" అన్నాను. అందరూ నవ్వారు. మామ కంచం ముందు నుంచి లేచాడు. "ఇక ఈ మనిషితో మాట్లాడితే నా నోరు పిడచగట్టుకుపోవాలి" అన్నాడు. నీళ్ల ట్యాంకర్ నడిపేవాడి నోట్లోంచి వచ్చిన ఒట్టు అది. మామూలు ఒట్టా?

అలాగని పని ఆగుతుందా? కూతురా నీకు చెబుతున్నా, కోడలా నువ్వు విను అని సామెత. మా దగ్గర కూతురు రోలర్, కోడలు నేను.

మొదటి పొర పరిచిన రోజు మామ ఒక ట్యాంకర్ నీళ్లు చల్లి, దిగి, గుప్పెడు మట్టి తీసి పిసికాడు. గుంటల సారు మా అందరికీ నేర్పిన పద్ధతి అదే. పిసికితే ఉండ కట్టాలి, నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పిండి పిండిగా రాలితే తడి చాలలేదని, పడి చపాక్కున అతుక్కుంటే ఎక్కువైందని. మామ చేతిలో గోలీకాయలాంటి ఉండ కట్టింది. దాన్ని నాకు కనబడేలా ఎత్తి, రోలర్ వైపు తిరిగాడు.

"ఇదిగో రోలరమ్మా, తడి కుదిరింది. నీ నెత్తిన కూర్చున్న దొరగారిని బయల్దేరమను."

నేనూ దిగి గుప్పెడు మట్టి పిసికాను. పిండిలా రాలిపోయింది. ట్యాంకర్ దగ్గరికెళ్లి దాని బానెట్ మీద తట్టాను.

"ట్యాంకర్ తాతా, ఇది తడా? మంచు కూడా ఇంతకన్నా ఎక్కువ కురుస్తుంది. ఇంకో బండెడు పొయ్యమని మీవాడికి చెప్పు."

"రోలరమ్మా, ఉండ కట్టింది, నీ దొరకి కళ్లు లేవా?"

"ట్యాంకర్ తాతా, రాలిపోయింది, మీవాడికి చేతులున్నాయా?"

మామ ఎక్కి ట్యాంకర్ తీసుకుని వెళ్లిపోయాడు. నేనూ పంతానికి తొక్కాను. ఎనిమిది పాస్‌లకి గట్టిపడలేదని ఇరవై వేశాను. దుమ్ము ఎంత లేచిందంటే, పైన ఎగిరే కాకులు దారి తప్పి నడుచుకుంటూ ఇళ్లకు పోయాయి. నాలుగు గంటలకు గుంటల సారు తవ్వాడు, తూశాడు, వేయించాడు.

"ఎనభై ఎనిమిది. పొడి మట్టి, నీళ్లు చాలలేదు."

"విన్నావా ట్యాంకర్ తాతా!" అని కేకేశాను.

మరుసటి రోజు ఆ పొరనంతా బ్లేడు బండి పెళ్లగించి మళ్లీ పరిచింది. ఈసారి నా చేతిలో ఉండ కడితే గాని ఇంజన్ ఆన్ చెయ్యనని రోలర్ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మామ ఒక ట్యాంకర్ పోశాడు. దిగి పిసికాను, రాలింది. హారన్ కొట్టాను. రెండోది పోశాడు. పిసికాను, బీటలిచ్చి రాలింది. మళ్లీ హారన్.

"రోలరమ్మా," మామ మొహం కందగడ్డలా అయింది, "మీ దొర రోడ్డేస్తున్నాడా, చేపలు పెంచుతున్నాడా?"

"ట్యాంకర్ తాతా, మీవాడు పోస్తున్నాడా, తన ఒంట్లోంచి పిండుతున్నాడా?"

అంతే. మూడో ట్యాంకర్ మొత్తం గుమ్మరించేశాడు. అప్పుడు నా చేతిలో ఉండ కట్టింది. బ్రహ్మాండమని రోలర్ ఎక్కాను.

రెండో పాస్‌కే నాకు సముద్ర ప్రయాణం చేస్తున్నట్టుంది. రోలర్ ముందు నేల పొంగుతోంది, వెనక కుంగుతోంది. గట్టిపడుతుందిలే అని ఎనిమిదీ వేశాను. నాలుగు గంటలకు గుంటల సారు వచ్చి అవతలి కొసన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఈ కొసన నేను రోలర్ ఆపగానే ఆయన స్టూలుతో సహా మూరెడు పైకి లేచాడు.

"రోలర్ కదుపయ్యా!" అని అరిచాడు.

కదిపాను. దిగాడు. మళ్లీ ఆపాను. లేచాడు. అలా మూడుసార్లయ్యాక రోలర్‌ని పక్కకి తీస్తేగాని ఆయనకి ఉలి పట్టు చిక్కలేదు. తీరా గుంట తవ్వి, మట్టి తూచి, ఇసుక పొయ్యడానికి చూస్తే అక్కడ గుంట లేదు! దానంతటదే మూసుకుపోయి, రెండడుగుల అవతల తేలింది. పాపం దాని వెనక పరిగెత్తి పట్టుకుని ఇసుక పోశాడు.

"ఎనభై నాలుగు" అని, తక్కెడ సర్దుకుంటూ నా వైపు చూశాడు. ఆ చూపులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఆఫీసు వాళ్లు ఒక మాట చెప్పమన్నారు. రేపు మూడోసారి. రేపు కూడా తప్పితే నీ రోలర్‌ని పాత ఇనప సామాన్ల కొట్టుకి పంపించేస్తారు. కొత్తది వస్తుంది. దాన్ని నడిపేవాడు దాంతోపాటే వస్తాడు."

రోలర్ చక్రం మీద చెయ్యి వేశాను. పదకొండేళ్లు. ఇన్నేళ్లూ నేను తప్పకుండా నెగ్గుకొచ్చింది ఆ ఒక్క బండి మీదే.

మూడో రోజు పొద్దున బ్లేడు బండి ఆ బురదని తిరగేసి ఎండబెట్టింది. మధ్యాహ్నానికి మట్టి ఆరింది. మళ్లీ నీళ్లు చల్లాలి. నేను తిన్నగా మా ఆవిడ దగ్గరికెళ్లాను. ఆవిడదీ అక్కడే పని. పక్కదారి మొదట్లో ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని బండ్లను ఆపడం, వదలడం.

"మీ నాన్నతో నువ్వే చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాలి?"

"నీళ్లు సరిగ్గా పొయ్యమని."

"సరిగ్గా అంటే ఎంత?"

"నాకేం తెలుసు? ఆయనకి తెలియాలి."

"ఆయన్ని అడిగితే నీకు తెలియాలంటాడు. మీ ఇద్దరి మాటలూ మొయ్యడానికి నేనేమన్నా పోస్టు డబ్బానా? పో, వెళ్లి మా నాన్న చేతులు పట్టుకుని తప్పైందను."

"కాళ్లైనా పట్టుకుంటా గానీ, ముందు ఆయన మాట్లాడాలి."

"బావుంది. రేపట్నుంచి ఇంట్లో ఖాళీగా కూర్చుని, ఎవరు ముందు మాట్లాడాలో తేల్చుకుందువు గాని." అని నా మొహం మీదకి ఎర్ర జెండా ఎత్తింది. నా వెనక ఒక ట్రక్కు కూడా ఆగిపోయింది.

మామ ట్యాంకర్ వెనక గొంతుకూర్చుని, కారే వాల్వుని బిగిస్తున్నాడు. అది ఎంత బిగించినా కారేదే. నేను పక్కన నిలబడ్డాను. 'ట్యాంకర్ తాతా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మామా."

మామ అటూ ఇటూ చూసి, "ఎవరో పిలిచినట్టుందే" అన్నాడు వాల్వుతో.

"నేనే మామా. ఆ రోజు నోరు జారాను. నలుగురిలో అన్నాను కాబట్టి ఆ నలుగుర్నీ పిలిచి తప్పైందని చెబుతాను. నీ నీళ్లు లేకపోతే నా రోలర్ రోలర్ కాదు, పది టన్నుల చీపురు. రేపట్నుంచి అది కూడా ఉండదు." అని వంగి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను.

పట్టుకున్నవాణ్ణి ఉలిక్కిపడి వదిలేశాను. కప్పని పట్టుకున్నట్టుంది!

మామ కూడా ఎగిరిపడ్డాడు. "ఏంట్రా ఇది! చెయ్యా, పెనమా?"

మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నోరు పిడచగట్టుకుపోయిందేమోనని చూశాను. ఎక్కడ! అన్నాళ్లూ దాచుకున్న తిట్లన్నీ ఊటబావిలా ఊరాయి. అన్నీ పూర్తయ్యేదాకా తలొంచుకుని ఆగి, అప్పుడడిగాను.

"నీ చెయ్యేంటి మామా, ఇంత తడిగా ఉంది?"

"రోజంతా ఈ కారే వాల్వు తిప్పే చెయ్యి మరెలా ఉంటుంది? నీదేంటి, అలా కాలుతూ, దుమ్ము దుమ్ముగా?"

"ఇంజన్ పక్కనే కదా కూర్చునేది. పైగా నూనెకి స్టీరింగ్ జారుతుందని గంటకోసారి పొడి మట్టి రాసుకుంటాను."

ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మామ వెళ్లి మట్టి తీసి పిసికాడు. ఒక్క చుక్క నీళ్లు పడని మట్టి ఆయన చేతిలో ముద్దుగా ఉండ కట్టింది. పక్కనే, ట్యాంకర్ కింద వాల్వు కారి తడిసిన మట్టి నేను తీసి పిసికాను. నా చేతిలోంచి రవ్వ రవ్వగా రాలింది.

"ఓరి నీ..." అన్నాడు మామ. "నువ్వు పొగరుతో ఇంకా కావాలంటున్నావనుకున్నా."

"నువ్వు పంతం కొద్దీ చాలంటున్నావనుకున్నా మామా."

"పంతమూ కొంచెం ఉందిలే" అని ఒప్పుకున్నాడు. "పొగరు లేదా నీకు?"

"అదీ కొంచెం ఉంది."

సరే, చేతులు బాగుచేసుకుందామని నేను ట్యాంకర్ దగ్గర శుభ్రంగా కడుక్కున్నాను. మామ తువ్వాలుతో తుడుచుకుని, ఎందుకైనా మంచిదని ఇంజన్ బానెట్ మీద కాసేపు ఆరబెట్టుకున్నాడు. అప్పుడు పిసికితే నాది ఉండ కట్టింది, ఆయనది రాలిపోయింది! ఇంక కాసేపుంటే మళ్లీ మొదట్నుంచీ మాటలు పోయేవే. అప్పటికే మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. నాలుగింటికి గుంటల సారు వస్తాడు.

"అమ్మాయిని పిలువు" అన్నాడు మామ. "పొద్దున్నుంచీ జెండా కర్రలు తప్ప ఏమీ ముట్టుకోని చెయ్యి."

మా ఆవిడ రెండు వైపులా బండ్లను ఆపేసి వచ్చింది. మామ కొంచెం కొంచెంగా, ట్యాంకర్‌ని నడిపించుకుంటూ చల్లాడు. ఇరవై అడుగులకోసారి ఆవిడ వంగి, మట్టి తీసి, పిసికి, నడుమెత్తు నుంచి వదిలింది. రాలితే "ఇంకా", రాలకపోతే "చాలు". చివరి చోట కూడా ఉండ పడి మూడు ముక్కలైంది. దాన్నొకసారి కాలితో కదిపి చూసి, పచ్చ జెండా ఎత్తింది. అటు ఆగిపోయిన బండ్లన్నీ తమకేననుకుని ఒక్కసారిగా కదలబోయాయి. మళ్లీ పరిగెత్తుకెళ్లి వాటికి ఎర్ర జెండా చూపించింది.

నేను రోలర్ ఎక్కాను. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి, చక్రం జాడ మీద సగం జాడ పడేలా తొక్కుకుంటూ వచ్చాను. మొదటి పాస్‌కి మట్టి మెత్తగా అణిగింది. మూడో పాస్‌కి కిర్రుమంది. ఆరో పాస్‌కి చక్రం జాడే పడటం మానేసింది. ఎనిమిదో పాస్‌లో రోలర్ చప్పుడే మారిపోయింది, ఖాళీ గదిలో బండరాయి దొర్లిస్తున్నట్టు. మామ ట్యాంకర్ ఎక్కి కూర్చుని ఒక్కొక్క పాస్‌కి ఒక్కొక్క వేలు ముడుస్తున్నాడు.

గుంటల సారు స్టూలు వేసుకునే ముందు కాలితో నేలని రెండుసార్లు తట్టి చూసుకున్నాడు, మళ్లీ ఎక్కడ లేస్తుందోనని. ఉలి పెట్టి కొట్టాడు. ఉలి పైకి ఎగిరింది. మళ్లీ కొట్టాడు. ఆ గుంట తవ్వడానికి పట్టినంతసేపు ఇంకెప్పుడూ పట్టలేదు. రెండు ఉలులు మొండివయ్యాయి, మూడోది ఇంటికి పోతానని ఏడ్చింది. మట్టి తూశాడు. ఇసుక పోశాడు. పొయ్యి వెలిగించాడు. వేగుతున్న ఆ మట్టి వంక మేం ముగ్గురం వంటగదిలో ఆకలితో ఉన్నవాళ్లలా చూస్తూ నిలబడ్డాం.

"సారూ, మాడిపోతుందేమో చూసుకోండి" అన్నాను ఉండబట్టలేక.

"నువ్వు నోరు మూసుకో అల్లుడూ" అన్నాడు మామ.

సారు కాగితం మీద ఏదో రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. ఆయన తల ఎత్తాడు.

"తొంభై ఆరు పాయింట్ రెండు."

"అంటే?" అన్నాను. తెలిసే అడిగాను. ఆ మాట ఆయన నోటితో వినాలని.

"పాస్."

మా ఆవిడ రెండు జెండాలూ ఒకేసారి ఎత్తేసింది. అటు బండ్లవాళ్ల సంగతి నేను చెప్పను. మామ దగ్గరికొచ్చి నా భుజం మీద ఒక్కటి చరిచాడు. "తొంభై ఆరూ నీ బరువే అనుకో. ఆ పాయింట్ రెండు మాత్రం నా నీళ్లు. ఒప్పుకుంటావా?"

"తిరగేసుకో మామా, తొంభై ఆరు నువ్వే ఉంచుకో."

"వద్దు, తీసుకో."

"లేదు, నువ్వే తీసుకో."

అలా మేం ఒకరికొకరం మార్కులు తోసుకుంటూ ఉండగానే వెనక నుంచి మట్టి లారీ వచ్చింది. వచ్చి, నున్నగా మెరుస్తున్న నా పొర మధ్యలో ఆగి, తొట్టి పైకెత్తింది.

"ఆగు! ఆగు!" రెండు చేతులూ అడ్డం పెట్టి పరిగెత్తాను. "ఏం పని చేస్తున్నావయ్యా! ఇప్పుడే పాసైంది! పూర్తిగా కళ్లారా చూసుకోనైనా లేదు!"

అప్పటికే లారీ నిండా మట్టి దాని మీద పడిపోయింది. వెనక ఇంకో తొమ్మిది లారీలు వరసలో ఉన్నాయి.

గుంటల సారు తక్కెడ చంకలో పెట్టుకుంటూ నా పక్కకొచ్చాడు. "పాసైంది కాబట్టే పోస్తున్నారయ్యా. తప్పిన పొర మీద ఎవరూ పొయ్యరు."

"మరి నా పాస్ ఎక్కడుంటుంది సారూ?"

"అడుగున."

"ఎవరికి కనబడుతుంది?"

"ఎవరికీ కనబడకూడదు. కనబడిందంటే రోడ్డు పోయినట్టే."

రెండో లారీ తొట్టి ఎత్తింది. దుమ్ము పైకి లేచింది. మామ ట్యాంకర్ నింపుకురావడానికి బయల్దేరాడు. నేను చేతులు దులుపుకుని రోలర్ ఎక్కాను. ఇంకా ఆరు పొరలున్నాయి.